మీ ఫ్లాట్‌లో బియ్యం ఎవరు తెస్తారు?

హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ చదివినవాళ్ళకి ఎర్రగడ్డ అంటే ఏరియా పేరు కంటే ముందు తిట్టు. "వీణ్ని ఎర్రగడ్డలో వెయ్యాల్రా" అని ఒక్కసారైనా అననివాడు మా బ్యాచ్‌లో లేడు. ఇప్పుడు మా టీమ్‌లో కూడా తలాతోకా లేని కోడ్ కనిపిస్తే అదే మాట. మియాపూర్‌లో మెట్రో ఎక్కితే మూసాపేట, భరత్‌నగర్ దాటగానే ఎర్రగడ్డ స్టేషన్ వస్తుంది. ఆ పేరుతో రైతుబజార్ ఉంది, సిగ్నల్ ఉంది, టిఫిన్ సెంటర్లు ఉన్నాయి. అయినా ఆ పేరు వింటే అందరికీ గుర్తొచ్చేది ఆ ఆసుపత్రే. ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెంటల్ హెల్త్. జాల్నా నుంచి 1953లో ఇక్కడికి వచ్చింది. అంటే 1998లో మన సైబర్ టవర్స్ తెరిచేనాటికే దానికి 45 ఏళ్ళు.

నేను చెప్పబోయేది ఎర్రగడ్డకి కాస్త దూరంలో, కొండాపూర్‌లో మేం అద్దెకుంటున్న ఫ్లాట్‌లో జరిగిన సంగతి. మా రూమ్మేట్‌ది. వాడిని అడిగే రాస్తున్నా. పేరు, కంపెనీ, ఆసుపత్రి రాయొద్దన్నాడు. "మిగతాదంతా రాయి. కామెడీ చెయ్యకు" అన్నాడు.

వాడిది అమెరికా క్లయింటు. సాయంత్రం మొదలైతే తెల్లవారుజామున మూడింటికి గానీ తెమలని షిఫ్టు. పోయినేడాది ఎండాకాలంలో వాడి నిద్ర తగ్గుతూ వచ్చింది. ముందు నాలుగు గంటలు, తర్వాత రెండు, ఆ తర్వాత అసలు లేదు. అలసట మాత్రం కనపడదు. ఏళ్ళ తరబడి ఎవరూ ముట్టుకోని ఒక మాడ్యూల్‌ని ఒక్క రాత్రిలో తిరగరాశాడు. టీమ్ కాల్‌లో మేనేజర్ పేరుపెట్టి మెచ్చుకున్నాడు. మన ఫీల్డులో ఈ జబ్బుతో వచ్చే చిక్కే అది. మొదటి వారం పది రోజులు అచ్చం మంచి అప్రైజల్ తెచ్చిపెట్టే లక్షణంలా కనిపిస్తుంది.

తర్వాత స్టార్టప్ అన్నాడు. ముగ్గురం ఉన్న ఫ్లాట్‌కి క్రెడిట్ కార్డు మీద ఆరు ఆఫీసు కుర్చీలు దిగాయి. ఒక రాత్రి కంపెనీ మొత్తానికి మెయిల్ వెళ్ళింది, సంస్థని ఎలా నడపాలో చెబుతూ. ఐదో రోజు తెల్లారేసరికి బాల్కనీలో నిలబడి గొంతు పోయేదాకా మాట్లాడుతూనే ఉన్నాడు. ఎవరితోనో నాకు తెలీదు. బతిమాలి, బుజ్జగించి ఆసుపత్రికి తీసుకెళ్ళాం. బైపోలార్ డిజార్డర్ అన్నారు. ఇప్పుడు నడుస్తున్నది మేనియా అన్నారు.

మొదట వాడే "రెండ్రోజులు ఉంటాలే" అన్నాడు. రెండో రోజు వెళ్ళిపోతానన్నాడు. అక్కడ మాకు చట్టం మొదటిసారి ఎదురైంది. 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం తనంతట తాను చేరిన మనిషి వెళ్తానంటే, పరీక్షించి చూడటానికి మహా అయితే 24 గంటలు ఆపగలరు. అంతకు మించి ఉంచాలంటే వైద్యులు విడివిడిగా చూసి అవసరమని తేల్చాలి. దాంతోపాటు వాడి తరఫున ఒక మనిషి దరఖాస్తు మీద సంతకం పెట్టాలి. ఆ మనిషిని చట్టం 'నామినేటెడ్ రిప్రజెంటేటివ్' అంటుంది. ముందే ఎవరి పేరూ రాసి ఉంచకపోతే బంధువులది మొదటి వంతు. మూడేళ్ళుగా ఒకే గిన్నెలో మ్యాగీ తిన్న మేం ఇద్దరం కౌంటర్ ముందు దిక్కులు చూస్తూ నిలబడ్డాం. వాళ్ళమ్మా నాన్నా మార్కాపురం వైపు నుంచి రాత్రి బస్సెక్కి, పొద్దున్నే సంచులతో దిగి సంతకం పెట్టారు.

నాలుగో రోజు ఒకావిడ వచ్చారు. మెళ్ళో ఐడీ కార్డు మీద 'సైకియాట్రిక్ సోషల్ వర్కర్' అని ఉంది. సోషల్ వర్కర్ అనగానే మనలో చాలామందికి దుప్పట్లు పంచేవాళ్ళు, రక్తదాన శిబిరాలు పెట్టేవాళ్ళు గుర్తొస్తారు. ఈవిడ నన్ను ఒక గదిలో కూర్చోబెట్టి అడిగిన మొదటి ప్రశ్న ఇది:

"మీ ఫ్లాట్‌లో బియ్యం ఎవరు తెస్తారు?"

జబ్బు ఎప్పుడు మొదలైందో, ఏం మాట్లాడేవాడో తేదీలతో సహా చెప్పడానికి ఫోన్లో నోట్స్ రాసుకుని మరీ వెళ్ళాను నేను.

"వాడేనండి. నెల మొదట్లో వెళ్ళి తెస్తాడు."

"ఈ నెల తెచ్చారా?"

"లేదండి. రెండు నెలల నుంచీ స్విగ్గీయే."

ఆవిడ రాసుకున్నారు. డాక్టర్ దగ్గర మేం చెప్పింది పది రోజుల మార్పు. బియ్యం లెక్కన చూస్తే రెండు నెలల మార్పు.

అలాగే సాగింది గంటన్నర. రాత్రి ముందు ఎవరు పడుకుంటారు? జీతం పడ్డ రోజు ముందు ఎవరికి డబ్బు వెళ్తుంది? (నాన్న అప్పుకి, చెల్లి ఫీజుకి, బండి ఈఎంఐకి. ఐదో తారీఖుకి ఖాతాలో ఏమీ మిగలదు.) జీతం లేని సెలవు ఎన్ని రోజులు పెట్టగలడు? లోన్ యాప్‌లు ఏమైనా వాడాడా? కోపమొస్తే ఎవరికి ఫోన్ చేస్తాడు, భయమేస్తే ఎవరికి? రెండూ ఒకరికేనా? మందు తాగుతాడా, ఎవరితో? సంక్రాంతికి మీరంతా ఊళ్ళకెళ్తే వాడు ఏం చేస్తాడు? అదే గొంతుతో, బియ్యం గురించి అడిగినంత మామూలుగా, "చచ్చిపోవాలనిపిస్తోందని ఎప్పుడైనా అన్నాడా?" అని అడిగారు. నేను ఉలిక్కిపడ్డాను. "అడిగితే లేని ఆలోచన పుడుతుందేమోనని అందరూ భయపడతారు. అలా పుట్టదు. ఎవరైనా సూటిగా అడిగితే చెప్పుకోవడానికి దారి దొరుకుతుంది" అన్నారావిడ. వాడిని కూడా విడిగా అదే అడిగారని తర్వాత తెలిసింది.

చివర్లో ప్యాడ్ నావైపు తిప్పారు. మధ్యలో ఒక గుండ్రం, అందులో వాడు. చుట్టూ చిన్న చిన్న గుండ్రాలు: అమ్మ, నాన్న, చెల్లి, ఆఫీసు, ఫ్లాట్, బ్యాంకు, ఊరు, ఆసుపత్రి. కలిపే గీతలు కొన్ని మందంగా, కొన్ని చుక్కలుగా, కొన్ని వంకర్లు తిరిగి ఉన్నాయి. మందమైతే గట్టి సంబంధం, చుక్కలైతే పల్చనిది, వంకర ఉంటే ఒత్తిడి. ఎకోమ్యాప్ అంటారట. ఆన్ హార్ట్‌మన్ అనే అమెరికన్ సోషల్ వర్కర్ 1970లలో తయారుచేసిన పద్ధతి. నాకు అలవాటైన కంటికి అది ఆర్కిటెక్చర్ డయాగ్రామ్‌లా కనపడింది. డబ్బు బాణాలన్నీ వాడి నుంచి బయటికి పోయేవే. వాడి వైపు వచ్చే మందమైన గీత ఒక్కటే ఉంది, అది మా ఫ్లాట్ నుంచి. అందులో ఉండే ఇద్దరిలో ఒకడు ఇంకో నెలలో పెళ్ళి చేసుకుని వెళ్ళిపోతున్నాడు.

ఆవిడ లెక్కలో మనిషికి ఆసరా మూడు వరసల్లో ఉంటుంది. ఇంట్లోవాళ్ళు మొదటి వరస. స్నేహితులు, చుట్టాలు, ఆఫీసువాళ్ళు రెండోది. ఆసుపత్రి, బ్యాంకు, బీమా, ప్రభుత్వం మూడోది. మార్కాపురంలో జబ్బుపడితే ఈ మూడూ ఒకే వీధిలో దొరకొచ్చు. కొండాపూర్, మాదాపూర్, గచ్చిబౌలిలో ఉండే మన సంగతి వేరు. మొదటి వరస ఒక రాత్రి బస్సు దూరంలో ఉంటుంది. రెండో వరస ప్రాజెక్టు మారితే మారిపోతుంది. మూడో వరసలో యాప్‌లు తప్ప మనుషులు కనపడరు. ఇది నా గోల, ఆవిడది కాదు. ఆవిడ గీతలు గీసి ఊరుకున్నారు.

మనిషి జబ్బుని చూడాలంటే చుట్టూ ఉన్నవాళ్ళని కూడా చూడాలన్న పద్ధతికి నూరేళ్ళు దాటాయి. అమెరికాలో మేరీ రిచ్‌మండ్ దాని మీద 1917లోనే 'సోషల్ డయాగ్నోసిస్' అని పెద్ద పుస్తకం రాసింది. మన దేశంలో ఈ చదువుకి మొదటి బడి 1936లో బొంబాయిలో టాటాలు పెట్టారు, అదే ఇప్పటి టిస్. మన గచ్చిబౌలిలోనే రోడా మిస్త్రీ పేరుతో సోషల్ వర్క్ కాలేజీ ఉంది. 2017 చట్టం సైకియాట్రిక్ సోషల్ వర్కర్ అంటే ఎవరో కూడా రాసింది. సోషల్ వర్క్‌లో పీజీ, దానిమీద రెండేళ్ళ ఎం.ఫిల్., అందులో ఆసుపత్రిలో పర్యవేక్షణ కింద శిక్షణ. దుప్పట్లు పంచడానికి అంత చదువక్కర్లేదు కదా.

మర్నాడు ఆవిడ వాళ్ళమ్మా నాన్నలతో కూర్చున్నారు. నన్నూ ఉండమన్నారు, ముందు వాడిని అడిగి. అలా అడగడం నాకు కొత్తగా అనిపించింది. మందు మత్తులో ఉన్నవాడి మంచం పక్కన కూర్చుని, "మీ స్నేహితుణ్ణి ఉంచమంటారా? మీ ఆఫీసు సంగతులు మీ నాన్నగారికి చెప్పొచ్చా? ఏది చెప్పొద్దు?" అని ఒక్కొక్కటే అడిగారు. వాడు కుర్చీల సంగతి చెప్పమన్నాడు, మెయిల్ సంగతి వద్దన్నాడు. చెప్పలేదు.

వాళ్ళమ్మ ముందే మొదలుపెట్టింది. "ఏందో గాలి సోకింది మేడమ్. ఇట్టాంటోడు కాదు మా పిల్లోడు." ఆవిడ కాదనలేదు, గాలి లేదు దెయ్యం లేదు అని లెక్చరూ ఇవ్వలేదు. "ఊళ్ళో ఎక్కడికి తీసుకెళ్దామనుకుంటున్నారమ్మా?" అని అడిగారు. "వెళ్ళండి, దండం పెట్టించండి. మాత్ర మాత్రం ఒక్కపూట కూడా ఆపొద్దు. ఆ పూట మాత్ర నేను చెప్పినట్టు, దండం మీరు చెప్పినట్టు." ఆ ఒప్పందం దగ్గర వాళ్ళమ్మ మెత్తబడింది.

తర్వాత కాగితం మీద వంశవృక్షం వేశారు. మగవాళ్ళకి చతురస్రం, ఆడవాళ్ళకి గుండ్రం, పోయినవాళ్ళ మీద అడ్డగీత. మూడు తరాలు. "బాబాయ్ గారూ, మీరెంతమంది అన్నదమ్ములు?" "ఇద్దరం మేడమ్." ఇద్దరిని వేశారు. వాళ్ళమ్మ భర్త వైపు చూసింది. ఆయన నేల చూశాడు. మేడమ్ తొందరపెట్టలేదు, పెన్ను కాగితం మీదే ఉంది. చాలాసేపటికి ఆయన, "ముగ్గురం. చిన్నోడు ఒకడుండె. రాత్రిళ్ళు నిద్రపోయేవోడు కాదు. ఎడ్లు కొంటాననేవోడు, బావి తవ్విస్తాననేవోడు. ఒకరోజు ఇంట్లోంచి పోయాడు. మళ్ళా రాలా" అన్నాడు.

ముప్పై ఏళ్ళ కిందటి సంగతట. మా వాడికి ఒక చిన్నాన్న ఉన్నాడని వాడికే తెలీదు. మూడో చతురస్రం వేసి, అడ్డగీత పెట్టకుండా, పక్కన చిన్న ప్రశ్నార్థకం వేశారావిడ. డాక్టర్‌కి అది ఎందుకు కావాలో నాకు తర్వాత అర్థమైంది. బైపోలార్ కుటుంబాల్లో నడిచే అవకాశం ఉన్న జబ్బు. అయితే ఆ గదిలో అప్పుడు జరిగింది వేరు. కొడుకుని "బరితెగించాడు, డబ్బు ఎక్కువై పాడయ్యాడు" అని తిడుతున్న తండ్రి ఆ గీత దగ్గర్నుంచి తిట్టడం మానేశాడు.

పెళ్ళి సంగతి రాకుండా ఎందుకు ఉంటుంది? "సంబంధం ఒకటి చూశాం. పెళ్ళి చేస్తే కుదురుకుంటాడని మా బావ అంటన్నాడు." పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కుదరదు, పెళ్ళి కుదిరితే గానీ పిచ్చి కుదరదు అని మనకో సామెతే ఉంది. ఎగతాళికి పుట్టిన సామెతని మన ఇళ్ళలో చాలామంది వైద్య సలహాలా వాడతారు. ఆవిడ ఎగతాళి చేయలేదు. "ఆ అమ్మాయి వాళ్ళకి ఏం చెప్పాలనుకుంటున్నారు?" అని ఒక్క ప్రశ్న వేశారు. జవాబు రాలేదు. "అది వాడు తేల్చుకుని, వాడే చెప్పగలిగిన రోజున చూద్దాం" అన్నారు. పెళ్ళి చేయొద్దని ఆవిడ ఒక్కసారి కూడా అనలేదు, గమనించారా?

అసలు గొడవ డిశ్చార్జికి ముందు వచ్చింది. ఇంటికి తీసుకుపోతామని వాళ్ళ నాన్న, ఉద్యోగం పోతుందని వాడు. ఇంటికి వెళ్తేనే మంచిదని నేనూ అనుకున్నా, ఎవరైనా అలాగే అనుకుంటారు. ఆవిడ చెప్పిన ఒక పాత పరిశోధన విన్నాక నేను ఇంటికెళ్ళి దాని గురించి చదివాను. 1950లలో లండన్‌లో జార్జ్ బ్రౌన్ అనే సామాజిక శాస్త్రవేత్త, అతని సహచరులు మానసిక ఆసుపత్రుల నుంచి ఇంటికెళ్ళినవాళ్ళు ఏమయ్యారో లెక్క తీశారు. తల్లిదండ్రుల దగ్గరికో భార్య దగ్గరికో వెళ్ళినవాళ్ళు, అద్దె గదుల్లోనో తోబుట్టువుల దగ్గరో ఉన్నవాళ్ళకంటే ఎక్కువగా మళ్ళీ ఆసుపత్రికి వచ్చారు. ఎందుకని తవ్వితే ఇంట్లో మాటతీరు దగ్గర తేలింది. ఎప్పుడూ తప్పుపట్టడం, ఈసడించడం, లేదంటే ఊపిరాడనంతగా మీదపడి చూసుకోవడం. ఈ మూడోది చదివి నేను కాసేపు మా ఇంట్లోవాళ్ళందరినీ తలచుకున్నాను. తర్వాత 1980లలో చండీగఢ్‌లో ఇదే కొలిచి చూస్తే అక్కడి కుటుంబాల్లో ఆ తీవ్రత తక్కువగా కనిపించింది. కాబట్టి ఇల్లు మంచిదా, అద్దె గది మంచిదా అని అందరికీ కలిపి ఒకే జవాబు లేదు. ఈ ఇంట్లో ఎలా మాట్లాడుకుంటారు అని అడిగి తెలుసుకోవాల్సిందే. బియ్యం ప్రశ్న లాంటివి అందుకే.

ఆరు వారాలు ఊళ్ళో, తర్వాత కొండాపూర్‌లో అని తేల్చారు. ఊళ్ళో ఉన్నన్నాళ్ళు మందులకి, చూపించుకోవడానికి ప్రతిసారీ హైదరాబాద్ రానక్కర్లేదని, జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం కింద అక్కడే ఎవర్ని కలవాలో కాగితం మీద రాసిచ్చారు. 1996లో మొదలైన పథకం అది. జిల్లాకో బృందం ఉండాలి, అందులో సోషల్ వర్కర్ కూడా ఉండాలి అని దాని లెక్క. మన ఇళ్ళలో ఎంతమందికి తెలుసు?

ఆవిడ వాడికి ఇంకో తెల్లకాగితం ఇచ్చారు. మళ్ళీ ఇలా అయి, నీ తరఫున మాట్లాడాల్సి వస్తే ఎవరు మాట్లాడాలి? చట్టంలో 14వ సెక్షన్. స్టాంపు పేపరు అక్కర్లేదు, మామూలు కాగితం మీద రాసి సంతకం పెడితే చాలు. రాయించుకునేవాడు మేజరై ఉండాలి, ఆ పని చేయగలిగి ఉండాలి, ఒప్పుకుంటున్నానని రాసివ్వాలి. చుట్టమే కావాలని లేదు. ఎప్పుడు కావాలంటే అప్పుడు మార్చుకోవచ్చు.

వాడు నా పేరు రాశాడు.

వాళ్ళ నాన్న మొహం నాకింకా గుర్తుంది. కన్నవాళ్ళం బతికుండగా పక్క గదిలో ఉండేవాడా? నాకూ లోపల గట్టిగానే కొట్టుకుంది. ఆ సంతకంతో మోయాల్సిన బరువు చిన్నదేం కాదు. మళ్ళీ చేర్పించాల్సి వస్తే దరఖాస్తు నాది. చికిత్స గురించి వాడు తేల్చుకోలేనప్పుడు, వాడు మామూలుగా ఉన్నప్పుడు ఏం కోరుకున్నాడో గుర్తుపెట్టుకుని చెప్పాల్సింది నేను. నాకు నచ్చింది చెప్పడానికి లేదు. రేపు నాకు బెంగళూరులో ఆఫర్ వస్తే? రేపు నా పెళ్ళయితే? ఆవిడ నన్ను ఒప్పించే ప్రయత్నం ఏమీ చేయలేదు. "వద్దంటే ఇప్పుడే వద్దనండి, వాడు ఏమీ అనుకోడు. ఒప్పుకున్నాక మారాలంటే చెప్పి మారండి" అన్నారు. ఒక రాత్రి ఆలోచించుకుని సంతకం పెట్టాను. వాళ్ళ నాన్నతో ఆవిడ మాట్లాడింది నేను వినలేదు. బయటికొచ్చాక ఆయన నా నంబరు అడిగి, 'అబ్బాయి ఫ్రెండ్' అని ఉన్న పేరు తీసేసి నా పేరుతో సేవ్ చేసుకున్నాడు.

వాడు తిరిగొచ్చాక ఆవిడ మా ఫ్లాట్‌కి వచ్చారు. హోమ్ విజిట్. ఇల్లు సర్ది పెట్టాం, అదంతా వేస్ట్. ఆవిడ చూసింది వేరే. వాడి మంచం కిటికీ వైపు ఉందా, పగలు వెలుగు వస్తోందా, మాత్రల డబ్బా ఎక్కడుంది, ఫ్రిజ్‌లో ఎనర్జీ డ్రింకులు ఎన్ని. తర్వాత వాడి చేతే ఒక జాబితా రాయించారు: మళ్ళీ వస్తోందని నాకు ముందుగా ఎలా తెలుస్తుంది? వాడు రాసింది ఇది. వరసగా రెండు రాత్రులు నాలుగు గంటలకంటే తక్కువ నిద్ర. అర్ధరాత్రి దాటాక ఆఫీసు గ్రూపుల్లో మెసేజ్‌లు. కొత్త కంపెనీకి పేర్లు వెతకడం. చివర్లో "ఫర్నిచర్" అని ఒక్క ముక్క రాశాడు. నలుగురం నవ్వాం. వీటిలో రెండు కనిపిస్తే నేను వాడికి చెప్పాలి, వాడు డాక్టర్‌కి ఫోన్ చేయాలి. వాడు చేయకపోతే నేను చేయాలి. అంతవరకే నా డ్యూటీ. రోజూ "మాత్ర వేసుకున్నావా" అని అడగడం నా పని కాదని, వాళ్ళ నాన్న పని అంతకన్నా కాదని కూడా అదే కాగితంలో ఉంది. వాళ్ళ నాన్న ఇప్పుడు ఫోన్ చేస్తే వర్షం గురించి మాట్లాడతాడు.

బీమా దగ్గర కాస్త నలిగాం. మానసిక జబ్బులకి పాలసీ వర్తించదని ముందు అవతలి నుంచి జవాబు వచ్చింది. శారీరక జబ్బులకి ఎలా ఇస్తారో మానసిక జబ్బులకీ అదే ప్రాతిపదికన ఇవ్వాలని చట్టంలో 21వ సెక్షన్ చెబుతుంది. ఆవిడ చూపించి రాయించిన ఉత్తరంతో క్లెయిమ్ కదిలింది. ఆఫీసుకి ఏం చెప్పాలన్నది మాత్రం పూర్తిగా వాడికే వదిలేశారు. 'నిద్రకి సంబంధించిన వైద్య కారణం వల్ల రాత్రి షిఫ్టు వద్దు' అన్న ఒక్క వాక్యం డాక్టర్ ఉత్తరంలో వెళ్ళింది. జబ్బు పేరు వెళ్ళలేదు. డే షిఫ్టు వచ్చింది, అలవెన్సు పోయింది. బండి ఈఎంఐని పొడిగించుకున్నాడు. వాడి ఆఫీసులో వెల్‌నెస్ వీక్ అని పెట్టి అందరికీ రబ్బరు బంతులు పంచారట, ఒత్తిడి వస్తే నొక్కుకోవడానికి. మా హాల్లో ఇప్పుడు రెండున్నాయి. పక్కింటి పిల్లాడికి పనికొస్తున్నాయి.

ఇదంతా జీతం, బీమా ఉన్నవాడి కథ. ఈ అంచనా వేసే పనికి ఇంకో మొహం ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం మానసిక అనారోగ్యాన్ని కూడా లెక్కలోకి తీసుకుంది. ఎంత శాతం అన్నది తేల్చడానికి 'ఐడియాస్' అనే కొలత ఉంది. తన పనులు తాను చేసుకోవడం, మనుషులతో మెలగడం, మాట అర్థం చేసుకుని చెప్పగలగడం, పని చేయగలగడం. ఈ నాలుగింటికీ మార్కులు వేసి, జబ్బు ఎన్నేళ్ళుగా ఉందో దానికి కలుపుతారు. 40 శాతం, ఆపైన ఉందని సర్టిఫికెట్ వస్తేనే పింఛను. సదరం క్యాంపు అంటే మన ఊళ్ళలో తెలియని ఇల్లుండదు. కాలు లేకపోతే కంటికి కనపడుతుంది. పదేళ్ళుగా గదిలోంచి బయటికి రాని అన్నయ్య సంగతి ఒక్కపూట క్యాంపులో ఎవరికి కనపడాలి? ఇంట్లో కూర్చుని, బియ్యం ఎవరు తెస్తారు, స్నానం ఎవరు చేయిస్తారు అని అడిగినవాళ్ళకే తెలుస్తుంది.

అలా అడిగేవాళ్ళు ఎంతమంది ఉన్నారంటే, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017 అట్లాస్ ప్రకారం మన దేశంలో మానసిక ఆరోగ్య రంగంలో సోషల్ వర్కర్లు లక్ష జనాభాకి 0.06. కాలిక్యులేటర్ తీసి చూశా, దాదాపు 17 లక్షల మందికి ఒకరు. నిమ్‌హాన్స్ 2015-16లో చేసిన జాతీయ సర్వేలో, జబ్బుని బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్సే అందట్లేదని తేలింది. మా వాడికి ఆవిడ దొరకడం అదృష్టమే, ఇంకో మాట లేదు. ఆవిడకి ఆ వారం ఇంకా ఎన్ని ఇళ్ళున్నాయో అడిగితే నవ్వి ఊరుకున్నారు. ఎవరూ దొరకనప్పుడు ఫోన్ చేయడానికి 14416 ఉంది. టెలీ మానస్, 2022 అక్టోబరు నుంచి నడుస్తోంది. రోజంతా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు. మా ఫ్రిజ్ మీద వాటర్ క్యాన్ నంబరు పక్కన రాసి ఉంది.

వాడు ఇప్పుడు బాగానే ఉన్నాడు. మధ్యలో ఒక నెల దిగాలుగా గడిచింది, మందు మార్చారు. ఆరు కుర్చీల్లో నాలుగు ఓఎల్‌ఎక్స్‌లో అమ్మేశాం. మూడోవాడు పెళ్ళి చేసుకుని మియాపూర్ వెళ్ళిపోయాడు. చిన్నాన్న గురించి ఆ చుట్టుపక్కల ఊళ్ళలో వాళ్ళ నాన్న అడగడం మొదలుపెట్టాడట, ముప్పై ఏళ్ళ తర్వాత.

పోయిన ఆదివారం నేనూ ఒక తెల్లకాగితం తీశాను. నాకు ఏ జబ్బూ లేదు, ఉండాలన్న రూలూ లేదు. మేజరైన ఎవరైనా రాసిపెట్టుకోవచ్చు. మా నాన్న పేరు రాద్దామా అని కాసేపు ఆలోచించాను. ఆయనకి బీపీ, ఫోన్ చేస్తే మొదటి రింగుకే కంగారు. చివరికి వాడి పేరు రాసి, ఒప్పుకుంటున్నట్టు సంతకం పెట్టమని వాడికిచ్చాను. వాడు మొత్తం చదివి, వాళ్ళ ఇంటిపేరులో 'ళ్ళ' రాయాల్సిన చోట 'ల్ల' రాశానని చెప్పి, ఇంకో కాగితం తెచ్చాడు.